గుల్లబారిన ఎముకలున్నవాళ్ళ చేత వ్యాయామం ఎలా చేయించాలి: ఇళ్ళకి వెళ్ళే కొత్త ఫిజియోలకి

ఫిజియో చదువు అయిపోయి ఇప్పుడిప్పుడే ఇళ్ళకి వెళ్ళి పేషెంట్లని చూడటం మొదలుపెట్టారా, అయితే ఇది మీకే. అమ్మకో అత్తగారికో "ఎముకలు గుల్లబారాయి, ఫిజియోని పెట్టుకోండి" అని డాక్టరు చెప్పి పంపిన ఇంట్లోవాళ్ళు చదివినా మంచిదే, వచ్చిన ఫిజియో ఏం చూడాలో ఏం అడగాలో మీకూ ఒక అంచనా ఉంటుంది.

ముందు నా తప్పు చెప్తాను. కొత్తలో నేను పనిచేసిన చోట నడుం నొప్పికి ఒక జిరాక్స్ కాగితం ఉండేది. ఎవరు నడుం పట్టుకుని వచ్చినా అదే చేతిలో పెట్టేవాళ్ళం. అందులో మూడో బొమ్మ, వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్ళూ పొట్టకి హత్తుకునేది. డెబ్బైకి దగ్గర పడిన ఒకావిడ, సన్నగా, కాస్త ముందుకి వంగి నడిచే మనిషి, నాలుగు రోజులు శ్రద్ధగా చేసి అయిదో రోజు వచ్చి "బాబూ, పక్కటెముకల చుట్టూ ఎవరో తాడేసి బిగించినట్టుంది" అంది. ఎక్స్‌రే తీయిస్తే వీపు భాగంలోని పన్నెండో వెన్నుపూస ముందు వైపు నలిగి ఉంది. అది ఆ వ్యాయామం వల్లే నలిగిందో, అంతకుముందే నలిగి ఉందో ఇప్పటికీ చెప్పలేను. కానీ నేను ఆవిడ ఎత్తు కొలవలేదు, గోడకి నిలబెట్టి చూడలేదు, ఏం మందులు వాడుతోందో అడగలేదు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి చేసినా ఆ కాగితం ఇచ్చేవాణ్ణి కాదు.

ముందుకి వంగితే వచ్చే చిక్కేంటంటే, ఒంటి బరువంతా వెన్నుపూస ముందు అంచు మీదకి వస్తుంది, లోపల ఎముక గుల్లగా ఉంటే ఆ అంచు అగ్గిపెట్టెని ఒక వైపు నొక్కినట్టు కుంగిపోతుంది. దీని మీద 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి సినాకి, మికెల్సన్ అని ఇద్దరు ఒక స్టడీ రాశారు. మొత్తం 59 మంది ఆడవాళ్ళు. ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 89 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, వీపుని వెనక్కి నిటారుగా లాగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం మందికే, అసలేమీ చేయనివాళ్ళలో 67 శాతం మందికి. చాలా చిన్న స్టడీ ఇది, వంగే గుంపులో ఉన్నది 9 మందే, కాబట్టి ఆ శాతాల్ని శిలాశాసనంలా పట్టుకోకండి. అయితే ఏ దిక్కు ప్రమాదమో మాత్రం తెలుస్తోంది కదా. ఆ 67 కూడా చూడండి, భయపడి మంచం మీద కూర్చోబెట్టినంత మాత్రాన ఎముక క్షేమంగా ఏం ఉండదు.

గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి

ఫైలు తెరవక ముందే సగం పరీక్ష అయిపోవాలి. బెల్ కొట్టాక పేషెంటు ఎంతసేపటికి వచ్చింది, గోడలు పట్టుకుని వచ్చిందా, సోఫాలోంచి లేవడానికి చేతులు ఆనించిందా, "మంచినీళ్ళు తెస్తానుండు" అని వెళ్ళి ఫ్రిజ్ కింది అరలో సీసా కోసం ఎలా వంగింది, ఇవన్నీ మీరు చెప్పులు విప్పుతుండగానే కనిపిస్తాయి. పరీక్షిస్తున్నారని తెలిస్తే ఎవరైనా నిటారుగా నిలబడి చూపిస్తారు. ఫ్రిజ్ ముందు ఆ జాగ్రత్త ఉండదు.

తర్వాత కూర్చుని అడగండి. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఉందా, అందులో టి-స్కోర్ (వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి చెప్పే అంకె) ఎంత? మైనస్ 1 వరకు మామూలు, అక్కణ్ణుంచి మైనస్ 2.5 లోపు ఎముక పలచబడిందని, మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ వస్తే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారిందని 1994 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ అంకె ఒక్కటే చూసి నిర్ణయాలు తీసుకోకండి. నిలబడ్డ ఎత్తు నుంచి జారిపడి మణికట్టో తుంటో విరిగిన మనిషికి స్కోర్ మైనస్ 2 వచ్చినా నేను జాగ్రత్తగానే ఉంటాను. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ సంగతి ఇంకా తిరకాసు, ఫ్లోరోసిస్ ఉంటే ఎముక చిక్కగా ఉన్నట్టే స్కాన్‌లో వస్తుంది, బలం మాత్రం అంత ఉండదు.

గర్భసంచి ఆపరేషన్ అయిందా, ఏ వయసులో, అండాశయాలు కూడా తీసేశారా అని తప్పకుండా అడగండి. మొహమాటపడకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ముప్పై అయిదేళ్ళకే అండాశయాలు పోయిన మనిషి ఎముక, యాభై దాటాక ముట్లాగిన మనిషి ఎముకకన్నా పదిహేనేళ్ళు ముందే పలచబడటం మొదలవుతుంది. మీ ముందు కూర్చున్నావిడకి యాభై రెండే కావచ్చు, ఎముకల లెక్క వేరే.

మందులు నోటితో చెప్పించుకోకండి, డబ్బా తెప్పించి చూడండి. ఆయాసానికో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టెరాయిడ్ వేసుకున్నారా? ఊళ్ళో ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాల మందు వాడారా? అందులోనూ స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు ఏవి, ఎన్నింటికి? ఎముకల కోసం వారానికోసారి పరగడుపున వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఉంటే ఏ రోజో రాసుకోండి, అది వేసుకున్నాక అరగంట పడుకోకూడదు, ఆ పొద్దున మీరు వెళ్ళి బోర్లా పడుకోబెడితే గొంతులో మంట పుడుతుంది. ఎముకలకే ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ అయితే తర్వాతిది ఎప్పుడో కూడా అడగండి. అది వాయిదా పడితే వరసగా వెన్నుపూసలు నలిగే ప్రమాదం ఉంది, "నొప్పి లేదు కదా అని వేయించలేదు" అనే మాట వినగానే డాక్టరుకి ఫోన్ చేయించండి.

చివరిగా, గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు? "పడలేదు బాబూ" అంటారు, ఆ మాట దగ్గర ఆగకండి. "జారడం, తూలి గోడ పట్టుకోవడం?" అని అడిగితే అప్పుడు బాత్రూం కథ బయటికొస్తుంది.

కొలవాల్సినవి

ఎత్తు. మన ఆడవాళ్ళలో చాలామందికి పెళ్ళినాటి ఎత్తు ఎంతో తెలియదు. అందుకని ఇలా అడగండి: "ఈ మధ్య లంగాలు నేలకి తగులుతున్నాయా? పై అరలో డబ్బా ఇదివరకు అందేది ఇప్పుడు అందట్లేదా?" వయసులో ఉన్నప్పటికన్నా 4 సెంటీమీటర్లు తగ్గారనిపించినా, మీరు కొలిచిన రెండు కొలతల మధ్య 2 సెంటీమీటర్లు తగ్గినా వెన్ను ఎక్స్‌రే కోసం పంపాలి. వెన్నుపూస నలగడంలో మూడింట రెండొంతులు ఎవరూ గుర్తించకుండానే పోతాయి, వయసు మీద పడింది గూని వచ్చింది అనుకుని ఊరుకుంటారు.

గోడ. మడమలు, వీపు గోడకి ఆనించి ఎదురుగా చూడమనండి, గడ్డం పైకెత్తకూడదు. తల వెనక భాగం గోడకి తగలాలి. తగలకపోతే ఆ ఖాళీ ఎన్ని సెంటీమీటర్లో స్కేలుతో కొలిచి రాయండి. తర్వాత పక్కన నిలబడి చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్య మీ వేళ్ళు పెట్టండి. రెండు వేళ్ళు, అంతకన్నా తక్కువే పడుతున్నాయంటే వెన్ను ఎక్కడో కుంగి ఉండొచ్చు.

కుర్చీ. 17 అంగుళాల ఎత్తు, చేతులు లేనిది, గోడకి ఆనించి పెట్టండి, ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, గుర్తుంచుకోండి. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. ఆడవాళ్ళకి 65 నుంచి 69 మధ్య 11 కన్నా తక్కువ, 70 నుంచి 79 మధ్య 10 కన్నా తక్కువ వస్తే కాళ్ళలో బలం చాలనట్టు. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా రాయండి, జాలిపడి ఒకటి వేయకండి.

నడక. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి వెనక్కి వచ్చి కూర్చోవాలి. టేపు తీసుకెళ్ళడం మర్చిపోయారా, రెండడుగుల టైల్స్ అయితే అయిదు లెక్కపెడితే మూడు మీటర్లు. 12 సెకన్లు, అంతకు పైన పడితే పడిపోయే ప్రమాదం ఉన్న మనిషి కిందే లెక్క.

నిలకడ. కిచెన్ గట్టు పక్కన, మీ చెయ్యి ఆవిడ నడుం దగ్గర సిద్ధంగా పెట్టుకుని, ఒక పాదం ముందు ఇంకో పాదం మడమకి వేళ్ళు ఆనేలా నిలబెట్టండి. పది సెకన్లు నిలవలేకపోతే నిలకడకి ప్రత్యేకంగా పని పెట్టుకోవాలి. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడండి, పై అంకె 20 పడిపోతే రాత్రిళ్ళు బాత్రూంకి లేచినప్పుడు ఎందుకు తూలుతోందో మీకు అర్థమైనట్టే.

ఇంత చూశారు కదా, ఒక్కటి మాత్రం చేయించకండి. "వంగి కాలివేళ్ళు ముట్టుకోండి" అనేది. కాలేజీలో నడుం పరీక్షలో అది మొదట నేర్పుతారు, చెయ్యి అలవాటుగా అటే పోతుంది.

ఆపేసి డాక్టరు దగ్గరికి పంపాల్సినవి

దగ్గినప్పుడో, బకెట్ ఎత్తినప్పుడో, ఏమీ చేయకుండానో హఠాత్తుగా మొదలైన వీపు నొప్పి, అది పక్కటెముకల చుట్టూ తిరిగి ముందుకి రావడం. వెన్ను మధ్యలో పిడికిలితో మెల్లగా తడితే ఒక చోట ఉలిక్కిపడటం, వెల్లకిలా పడుకోలేకపోవడం. ఇవి ఉంటే ఎక్స్‌రే అయ్యాకే మిగతా కథ. కాళ్ళలో బలం తగ్గడం, మూత్రం మీద పట్టు పోవడం, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే అదే రోజు పంపండి.

మన ఫిజియోలు ఎక్కువగా పొరబడేది ఇంకొకటుంది. ఏళ్ళ తరబడి అలెండ్రోనేట్ మాత్రలో, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ మందో వాడుతున్న మనిషి తొడ మధ్యలోనో గజ్జల్లోనో కొన్ని వారాలుగా సన్నగా నొప్పి అంటుంటే, కండరం పట్టిందని సాగదీస్తూ కూర్చోకండి. తొడ ఎముకలో చిన్న పగులు మొదలై ఉండొచ్చు. రెండు తొడలకీ ఎక్స్‌రే తీయించమని రాసి పంపండి, అప్పటిదాకా బరువులు, గెంతులు వద్దు.

మొదట వంగే పద్ధతి నేర్పండి

మీరు వారానికి మూడు గంటలు ఆవిడతో ఉంటారు. మిగతా గంటలన్నీ ఆవిడ ఊడుస్తూ, ముగ్గేస్తూ, పరుపు కింద దుప్పటి దోపుతూ ఉంటుంది. అందుకే మొదటి రోజు నేను థెరాబ్యాండ్ (వ్యాయామానికి వాడే సాగే రబ్బరు పట్టీ) సంచిలోంచి తీయను. బూజు కర్ర తెమ్మంటాను.

కర్రని ఆవిడ వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, వీపు మధ్య, ముడ్డిపూస, మూడు చోట్లా కర్ర తగలాలి. గూని ఉన్నవాళ్ళకి తల తగలదు, ఫర్వాలేదు, ఉన్న ఖాళీ పెరగకుండా చూస్తే చాలు. ఇప్పుడు మోకాళ్ళు కొంచెం వదులు చేసి పిరుదుల్ని వెనక్కి నెట్టమనండి. చాలామందికి అర్థం కాదు, నడుమే వంచేస్తారు. అప్పుడు నేను చెప్పేది ఒకటే: "రెండు చేతుల్లో గిన్నెలున్నాయమ్మా, వెనకాల ఫ్రిజ్ తలుపు తెరిచుంది, ఎలా మూస్తారు?" వెంటనే పిరుదులు వెనక్కి వెళ్తాయి, వీపు నిటారుగా ఉంటుంది, కర్ర మూడు చోట్లా అంటుకునే ఉంటుంది. ఒకావిడ అయితే నవ్వాపుకోలేక మంచం మీద కూలబడింది, కానీ మర్నాటి నుంచి స్టవ్ కింద సిలిండర్ ఆపడానికి కూడా అలాగే వంగింది. ఆ వంగడం ఒంటికి పట్టేదాకా రోజుకి పదిసార్లు, ఖాళీ చేతులతో.

పక్క మీంచి లేవడం రెండోది. వెల్లకిలా ఉన్నప్పుడు ఒక్క ఉదుటున లేచి కూర్చోవడం అంటే రోజూ ఒక సిటప్ చేసినట్టే. మోకాళ్ళు మడిచి, భుజం తుంటి కలిపి దుంగలా పక్కకి దొర్లి, కాళ్ళు మంచం కిందికి వదులుతూ మోచేత్తో నేలకేసి నొక్కినట్టు పరుపుని నొక్కి లేవాలి. దగ్గు, తుమ్ము వచ్చినా వీపు నిటారుగా పెట్టి ఒక చెయ్యి తొడ మీదో బల్ల మీదో ఆనించమనండి.

ముగ్గు దగ్గరే నేను ఓడిపోతుంటాను. ఒక మోకాలు నేలకి ఆనించి, కింద పాత గోనెసంచి వేసుకుని వేస్తే వీపు వంగదు. మోకాళ్ళు కూడా అరిగినవాళ్ళకి స్టిక్కర్ ముగ్గే గతి. ఆ మాట అన్నందుకు ఒక పెద్దావిడ వారం పాటు నాతో ముభావంగా ఉంది.

ఇక వ్యాయామాలు

లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. ఎత్తు కుర్చీ, కావాలంటే మీద దిండు. నెమ్మదిగా మూడు లెక్కపెడుతూ కూర్చోవాలి, దబ్బున కూలబడితే ఆ కుదుపు వెన్నుకే తగులుతుంది. ఎనిమిదిసార్లు, కాస్త ఆగి ఇంకో ఎనిమిది. రెండు వారాలకి సులువైపోతే దిండు తీసేయండి, తర్వాత కిలో బియ్యం ప్యాకెట్ గుండెలకి హత్తుకోమనండి, తర్వాత రెండు కిలోలు. ఊపిరి బిగపట్టకూడదు, లేచేటప్పుడు గట్టిగా వదలాలి.

వీపు కోసం రోజూ చేయాల్సింది ఇది: ముందు పది నిమిషాలు మంచం మీద వెల్లకిలా, మోకాళ్ళు మడిచి, తల కింద ఎంత దిండు కావాలో అంతే పెట్టి పడుకోవడం. వారాలు గడిచే కొద్దీ దిండు ఎత్తు తగ్గించండి. అదే భంగిమలో తలని, మోచేతుల్ని పరుపులోకి మెల్లగా అదిమి అయిదు సెకన్లు ఉంచి వదలాలి, పదిసార్లు. అది బాగా కుదిరాక పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకుని, భుజాల రెక్కలు వెనక్కి లాగుతూ తలా గుండే ఒక అంగుళం లేపడం. అంగుళమే. పాములా లేవాలని ఉత్సాహపడతారు, వద్దు.

చేతులకి గోడ మీద తోపుడు, కిటికీ ఊచకి కట్టిన థెరాబ్యాండ్ నడుం వైపు లాగడం. కాళ్ళకి కిచెన్ గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మెట్టు ఎక్కి దిగడం. ఇవి వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామంతో, ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. ఆఖరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. అర కిలో డంబెల్‌తో ఆరు నెలలు ఒకే లెక్క చేయిస్తే ఎముకకి అసలు కబురే అందదు, బరువు పెరుగుతూ ఉండాలి.

"బరువులా, విరిగిపోవూ?" అని ఇంట్లోవాళ్ళు గాభరా పడతారు. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్ళు ముట్లాగిపోయి ఎముక పలచబడిన 101 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందితో ఎనిమిది నెలలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున నిజంగా పెద్ద బరువులే ఎత్తించారు. 2018లో అచ్చయిన ఆ స్టడీలో వాళ్ళ నడుం ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. అయితే ప్రతి ఎత్తుడుకీ పక్కన కోచ్ ఉన్నాడు, మొదటి నెల ఒళ్ళు వంచే పద్ధతి నేర్పడానికే సరిపోయింది. దాన్ని తీసుకెళ్ళి ఎనభై ఏళ్ళావిడ హాల్లో పెట్టకండి. వెన్నుపూస నలిగిన చరిత్ర ఉంటే గెంతులు వద్దు, ఎత్తే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, బరువుని తల కన్నా పైకి ఎత్తడం ఇప్పుడే వద్దు. ఎప్పుడూ ఏదీ విరగని, నిలకడ ఉన్న యాభై అయిదేళ్ళావిడకైతే మునివేళ్ళ మీద లేచి మడమలు నేలకి టక్కున దించడం, కాళ్ళు తాటించి నడవడం పెట్టొచ్చు.

నిలకడ సాధన రోజూ. కాఫీ కాగే లోపు గట్టు పక్కన ఒంటికాలి మీద, అన్నం ఉడికే లోపు మడమకి వేళ్ళు ఆనిస్తూ నడక. విడిగా టైం పెడితే ఎవరూ చేయరు. వట్టి వాకింగ్ గుండెకి మంచిదే, ఎముక సాంద్రతకి పెద్దగా ఒరిగేదేం లేదు, పైగా పడిపోతున్న మనిషిని గుంతల రోడ్డు మీదకి పంపితే అసలుకే మోసం.

కండరాలు ఒకటి రెండు రోజులు సలిపితే భయం లేదు. వెన్ను మధ్యలో సూటిగా పొడిచే నొప్పి వస్తే ఆపేయమనండి, మీకు ఫోన్ చేయమనండి.

యోగా, మాలిష్, నడుం తొక్కించుకోవడం

టీవీ చూసి యోగా చేసేవాళ్ళని మానేయమంటే మీ మీద నమ్మకం పోతుంది. పశ్చిమోత్తానాసనం, హలాసనం, సర్వాంగాసనం, పవనముక్తాసనం, నడుం గట్టిగా మెలితిప్పేవి, సూర్యనమస్కారాల్లో ముందుకి వంగే భంగిమలు తీసేయించండి. తాడాసనం, గోడ పక్కన వీరభద్రాసనం ఉంచండి. మనవడి చేత నడుం తొక్కించుకోవడం మన ఇళ్ళలో ఇంకా ఉంది, అది పూర్తిగా బంద్. వీపు టక్కుమనిపించే చోటికి వెళ్తున్నారేమో కూడా అడగండి, మీరు కూడా వెన్నుని ఒక్క ఉదుటున నొక్కి తిప్పే గట్టి మానిప్యులేషన్ జోలికి పోకండి.

వెళ్ళే ముందు బాత్రూం ఒకసారి చూడండి. తడి, గోడకి పట్టుకునే కడ్డీ, గుమ్మంలో జారే పట్టా, రాత్రి లైటు. చీర కాస్త పైకి కట్టమనండి. నిండు బకెట్ బదులు రెండు సగం బకెట్లు. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దాకా ఉంటుంది, తెచ్చిన అబ్బాయి చేతే పెట్టించుకోమనండి. పడితే ఎలా లేవాలో కూడా ఒక రోజు చాప మీద నేర్పండి: పక్కకి దొర్లి, చేతులూ మోకాళ్ళ మీదకి వచ్చి, కుర్చీ దాకా పాకి, ఒక కాలు ముందుకి వేసి లేవడం. తుంటిలోనో వీపులోనో నొప్పి ఉంటే మాత్రం కదలకుండా పిలవమని చెప్పండి.

మూడు నెలలకి మళ్ళీ కొలవండి. అదే కుర్చీ, అవే అయిదు టైల్స్, పొద్దునో సాయంత్రమో మొదటిసారి కొలిచిన వేళకే. గోడకీ తలకీ మధ్య ఖాళీ మొదటిసారి కొలిచినప్పుడు గోడ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ఉంటే ఈసారి ఆవిడే ముందు వెళ్ళి నిలబడుతుంది.